పొగాకు లేని వాటా

మా అమ్మకు అంగిట్లో పుండు బయటపడిన ఏడాదే నేను షేర్ల సంగతి నేర్చుకోవడం మొదలుపెట్టాను. రెండూ ఒకే చోట జరిగాయి, ఆసుపత్రి వరండాలో. లోపల అమ్మకు పరీక్షలు జరుగుతుంటే బయట బెంచీ మీద నేనూ తమ్ముడూ కూర్చునేవాళ్లం. ఒకరి ముందు ఒకరం ఏడవడానికి సిగ్గు. ఊరికే కూర్చుంటే భయం. అందుకని తమ్ముడు ఫోను తీసి నాకు ఈటీఎఫ్‌ల గురించి చెప్పేవాడు.

తమ్ముడు స్టీల్‌ప్లాంటులో టెక్నీషియన్. భార్యతో, కూతురితో గాజువాకలో ఉంటాడు. నేను పోర్టు దగ్గర ఒక క్లియరింగ్ ఏజెంటు ఆఫీసులో పనిచేస్తాను. ఓడల్లో దిగిన సరుకుకు కట్టవలసిన సుంకాలు, గోదాము అద్దెలు, కూలి ఖర్చులు చూసి బిల్లులు తయారుచేయడం నా పని. పెళ్లి చేసుకోలేదు. గోపాలపట్నంలో ఒక అద్దె ఇంట్లో అమ్మా నేనూ ఉండేవాళ్లం. మా ఆఫీసులో పింఛను లేదు. పెద్దయ్యాక నా సంగతి ఏమిటన్న ఆలోచన అంతకుముందూ ఉండేది గానీ, అమ్మను చక్రాల కుర్చీలో తోసుకుంటూ ఆ వరండాల్లో తిరిగినప్పుడు అది గట్టిగా పట్టుకుంది. నన్ను తోసేవాళ్లు ఎవరూ ఉండరు. ఉంటే జీతానికి పెట్టుకున్న మనిషే ఉండాలి.

అమ్మ అడ్డపొగ తాగేది. మా వైపు ఆ తరం ఆడవాళ్లలో చాలామందికి ఉన్న అలవాటే. చుట్ట వెలిగించి, నిప్పున్న కొసను నోటి లోపలికి పెట్టుకుని పెదాలు మూసేస్తారు. నెత్తిన గంప ఉన్నా, రెండు చేతులూ పనిలో ఉన్నా, సముద్రపు గాలి ఎంత కొట్టినా చుట్ట ఆరదు. కొత్తగా కాపురానికి వచ్చినప్పుడు పంటినొప్పికి మందని పక్కింటావిడ ఇచ్చిందట. నొప్పి పోయింది, చుట్ట ఉండిపోయింది. అన్నేళ్లూ ఆ నిప్పు సెగ అంగిటికి తగులుతూనే ఉంది.

అమ్మకు చుట్టలు తాగడమే కాదు, చుట్టడమూ వచ్చు. నాన్న పోర్టులో కళాసీగా చేస్తూ తమ్ముడు నడక నేర్చే వయసులోనే చనిపోయాడు. అప్పుడు అమ్మ పూర్ణా మార్కెట్‌లో పొగాకు కొని తెచ్చి, నీళ్లు చిలకరించి మెత్తబరిచి, ఈనెలు తీసి, చుట్టలు చుట్టి కట్టలు కట్టి అమ్మింది. చేపలమ్మే ఆడవాళ్లు, పోర్టు కూలీలు పాతవూళ్లో మా గది గుమ్మం దగ్గరికి వచ్చి కొనుక్కునేవారు. మా ఇద్దరి తిండీ బట్టా దానిమీదే. కొన్నేళ్ల తరువాత ఆ వ్యాపారం మానేసి, చింతపండు గింజలు తీసే కూలికి వెళ్లింది. చుట్టలు గిట్టుబాటు కాక మానేసిందని మేమిద్దరం అనుకున్నాం. అడగాలని తోచలేదు.

వరండాలో తమ్ముడు మొదటిసారి చెప్పినప్పుడు నేను పెద్దగా చెవిన పెట్టలేదు.

"బ్యాంకులో డిపాజిట్ ఏస్తే ఏటొస్తాదప్పా? పప్పు ధర పెరిగినంత కూడా పెరగదు," అన్నాడు. మా వైపు అక్కను అప్ప అంటారు.

"షేర్లంటే జూదం గదరా."

"ఒక్క కంపెనీ మీద పెడితే జూదమే. నాను సెప్పేది అది కాదు. సేపలు వాటాలేసి అమ్ముతారు సూడు, అలగన్నమాట."

మా ఊళ్లో చేపలు కొన్న ఎవరికైనా ఆ మాట అర్థమవుతుంది. నేలమీద పట్టా పరిచి, నాలుగు పెద్దవీ పది చిన్నవీ కలిపి కుప్పలు పోస్తారు. ఒక్కో కుప్ప ఒక వాటా. ఏరుకోవడానికి లేదు, కుప్పంతా తీసుకోవాలి. ఈటీఎఫ్ అంటే అలాంటి కుప్పేనని తమ్ముడు చెప్పాడు. దేశంలో పెద్ద కంపెనీలన్నిటి షేర్లూ కలిపి ఒక కుప్పగా పోసి, దాన్ని చిన్న చిన్న యూనిట్లు చేసి బజారులో అమ్ముతారు. ఒక యూనిట్ కొంటే అన్నిటిలో కొంచెం కొంచెం మనదవుతుంది. ఒకటి మునిగినా మిగతావి ఉంటాయి.

"షేరన్నా వాటాయే గదా," అని నవ్వాడు. ఆ రోజు అమ్మకు ముక్క తీసి పరీక్షకు పంపారు. ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు.

పరీక్షలో క్యాన్సరేనని తేలింది. ఆపరేషన్ చేసి అంగిట్లో కుడిపక్క తీసేశారు. నోటికీ ముక్కుకీ మధ్య కన్నం మిగిలింది. దానికి అడ్డంగా పెట్టుకోవడానికి పళ్ల సెట్టు లాంటి ప్లేటు ఒకటి చేసిచ్చారు. అది పెట్టుకుంటే అమ్మ తినగలదు, మాట్లాడగలదు. తీసేస్తే నీళ్లు ముక్కులోంచి వచ్చేస్తాయి. మాట మాటలా ఉండదు, వట్టి గాలి. చుట్ట మాత్రం ఆపరేషన్ బల్ల ఎక్కేముందే మానేసింది. డాక్టరు చెప్పాడని కాదు. "నోట్లో ఆనటం లేదు," అంది, అంతే.

అమ్మ ఇంటికి వచ్చాక నేను నిజంగానే నేర్చుకోవడం మొదలుపెట్టాను. పొద్దున్నే అమ్మకు గంజి కాచి, గోపాలపట్నంలో బస్సెక్కి పోర్టు దగ్గర దిగేదాకా ఫోనులో అదే చదివేదాన్ని. ఒకే రకం కుప్పను చాలా కంపెనీలు అమ్ముతున్నాయని తెలిసింది. లోపలి సరుకు ఒకటే, అమ్మేవాళ్లు వేరు. అప్పుడు ఏది కొనాలి? ముందు ఖర్చు చూడాలి. ఆ కుప్పను చూసుకున్నందుకు ఏటా మన సొమ్ములోంచి కొంత కోసుకుంటారు. అది ఎంత తక్కువైతే అంత మంచిది. తరువాత రోజూ ఎంత అమ్మకం కొనుగోలు జరుగుతోందో చూడాలి. బేరం లేని ఈటీఎఫ్ కొంటే రేపు అమ్ముకోవాలన్నప్పుడు కొనేవాడు దొరకడు, దొరికినా ధర తగ్గించి అడుగుతాడు. ఇక లోపలి షేర్ల అసలు విలువకూ బజారులో పలికే ధరకూ తేడా ఎంతుందో చూసుకోవాలి. ఇదంతా నా ఉద్యోగానికి దూరమైన పనేమీ కాదు. నౌకా కంపెనీల రేట్ల కాగితాల్లో ఏ మూల ఏ చార్జీ దాక్కుందో వెతకడమేగా నేను చేసేది. అమ్మ జబ్బుతో బుర్రంతా పాడైపోయిన ఆ రోజుల్లో, ఈ చదువు నాకు కాస్త ఊపిరి తీసుకునే చోటయింది.

చివరికి ఒకదాన్ని ఎంచుకున్నాను. దేశంలో పెద్ద కంపెనీలన్నీ ఉన్న కుప్ప. ఖర్చు తక్కువ, బేరం ఎక్కువ. తమ్ముడు కొనేదీ అదే. షేర్లు దాచుకునే డీమ్యాట్ ఖాతా తెరిచాను. జీతంలోంచి నెలనెలా కొంత దానికని పక్కన పెట్టాను.

ఒక ఆదివారం తమ్ముడు వచ్చాడు. షేర్ల బజారు మూసే రోజు కాబట్టి కొనడానికి లేదు, సోమవారం ఎలా కొనాలో చూపిస్తానని కూర్చున్నాడు. అమ్మ కిటికీ దగ్గర మంచం మీద కూర్చుని మెత్తగా చిదిమిన ఇడ్లీ తింటోంది. నేను ఫోనులో ఆ ఈటీఎఫ్ పేజీ తెరిచి, లోపల ఏ కంపెనీలున్నాయో కిందికి జరుపుతూ చదువుతున్నాను. బ్యాంకులు, చమురు శుద్ధి చేసేవాళ్లు, కంప్యూటర్ కంపెనీలు. వాటి మధ్య, పై వరసల్లోనే, సిగరెట్లు చేసే కంపెనీ ఉంది.

చదువుతున్నదాన్ని ఆగిపోయాను.

"ఏటప్పా?" అన్నాడు తమ్ముడు.

"ఇందులో సిగరెట్ కంపెనీ ఉందిరా."

"ఉంటాది. పెద్ద కంపెనీ గదా అది. బిస్కెట్లు, గోధుమపిండి కూడా అమ్ముతాది."

"లాభం దేన్లోంచి ఎక్కువొస్తాది?"

తమ్ముడు నా ముఖంలోకి చూశాడు.

"ఇది నాను కొనను," అన్నాను.

"నువ్వు కొనకపోతే ఆ కంపెనీ మూసేస్తారేటి? నువ్వు పెట్టేది సముద్రంలో గరిటెడు నీళ్లు."

"మూసేస్తారని కాదు. అమ్మ నోరు సూసి వొచ్చి, పొగాకు లాభం నాను తినలేను. నాకు ఆ పొగాకు డబ్బు వొద్దు."

గొంతు కాస్త పెద్దదే అయి ఉంటుంది. తమ్ముడు కళ్లతో అమ్మ వైపు సైగ చేశాడు. అమ్మ తినడం ఆపేసింది. పళ్లెం పక్కన పెట్టి, నోట్లో వేళ్లు పెట్టి ప్లేటు తీసి, గిన్నెలో నీళ్లల్లో వేసింది. తరువాత గోడ వైపు తిరిగి పడుకుంది.

అమ్మకు కోపమొస్తే చేసే పని అది. ప్లేటు తీసేస్తే ఆమెతో ఎవరూ మాట్లాడలేరు.

ఆ వారమంతా ఇంట్లో మాటలేదు. అన్నం వేళకు ప్లేటు పెట్టుకునేది, తినగానే తీసి కడిగి గిన్నెలో పెట్టేసేది. ఏం తప్పన్నానో నాకు అర్థం కాలేదు. ఆమె కోసమే కదా వద్దన్నాను. తమ్ముడికి ఫోను చేస్తే, "సంటిపిల్లలాగ సేత్తన్నావప్పా. ఆ కుప్ప కొనీ, లేకపోతే మానీ. అమ్మ ముందు ఎందుకు అన్నావు?" అని విసుక్కున్నాడు. నాకూ విసుగొచ్చింది. ఫోను పెట్టేశాను. నెలనెలా పక్కన పెట్టిన డబ్బు ఖాతాలో అలాగే పడి ఉంది.

మరుసటి ఆదివారం అమ్మ ప్లేటు పెట్టుకుని, ఉతికిన చీర కట్టుకుని, "పూర్ణా మార్కెట్‌కి ఎల్దామా?" అంది.

ఆపరేషన్ తరువాత ఆమె ఇల్లు దాటింది ఆసుపత్రికే. జనంలో నోటికి చెంగు అడ్డం పెట్టుకోవలసి వస్తుందని ఎక్కడికీ వచ్చేది కాదు. ఆటో మాట్లాడి తీసుకెళ్లాను. కొత్త చింతపండు కొందామంది. కొన్నాం. గింజ తీసినదాన్ని వేళ్లతో విడదీసి, ఈనె మిగిల్చాడని కొట్టువాడికి చూపించింది. తరువాత నా చెయ్యి పట్టుకుని పొగాకు కొట్ల వైపు నడిచింది. ఇప్పుడు అక్కడ అవి ఎక్కువ లేవు. ఉన్నవాటిలో ఎండిన ఆకు కట్టలు గోడకు ఆనించి ఉన్నాయి. ఆ ఘాటు నాకు చిన్నప్పటి మా గది వాసనే. మూసి ఉన్న ఒక కొట్టు మెట్టు మీద అమ్మ కూర్చుంది. నన్నూ కూర్చోమంది.

"ఓలే, నువ్వు సిన్నప్పుడు తిన్న బువ్వంతా ఈ ఆకే," అంది.

"తెలుసమ్మా."

"తెలిసే అన్నావా, పొగాకు డబ్బు వొద్దని? నాకైతే నన్నే వొద్దన్నట్టు ఇనిపించినాది."

అప్పటిదాకా నాకు ఆ కంపెనీ కనబడింది, అమ్మ జబ్బు కనబడింది. చుట్టలు చుట్టిన అమ్మ చేతులు కనబడలేదు. నేను అన్నది ఆ చేతుల మీద పడుతుందని తోచనే లేదు.

"నిన్ను కాదమ్మా," అన్నాను.

"నన్ను కాదని ఇప్పుడు తెల్సినాది. అప్పుడు తెల్దు." అమ్మ చెంగుతో పెదవి తుడుచుకుంది. ఎక్కువ మాట్లాడితే తడి కారుతుంది. "నాను సుట్టలు అమ్మడం ఎందుకు మానీసినానో నీకు తెలుసేటి?"

"బేరం నేదని గదా."

"బేరమెందుకు నేదు? బోల్డుండేది."

అప్పుడు చెప్పింది. చేపలమ్మే ఒకావిడ రోజూ వచ్చి కట్ట కొనేదట. అమ్మకంటే చిన్నది. ఒకరోజు నోరు తెరిచి, అంగిట్లో ఏదో మండుతోంది చూడమని అడిగింది. అమ్మ గుమ్మం వెలుతురులోకి తిప్పి చూసింది. తెల్లగా, గరుగ్గా ఉంది, మధ్యలో ఎర్రగా పుండు. ఆసుపత్రికి వెళ్లమంది. ఆవిడ వెళ్లలేదు. కొన్నాళ్లకు అన్నం మింగలేకపోయింది. గంజి తాగుతూ కూడా చుట్ట కోసం వచ్చేది.

"నాను ఇవ్వనన్నాను. ఎల్లి ఇంకో కాడ కొనుక్కున్నాది. తర్వాత పోనాది. దానికీ మీలాగే ఇద్దరు గుంటలు. ఆ పొద్దు నాను అన్నం వొండి మీకు పెడతన్నాను, అన్నం కేసి సూడలేకపోనాను. మర్నాడు ఉన్న ఆకంతా కొట్టోడికి తిరిగిచ్చీసినాను."

"మరి నువ్వు తాగడం మానలేదు గదమ్మా."

అమ్మ నా వైపు చూసింది. ఇంత చిన్న విషయం అడుగుతావేమిటన్నట్టు చూసింది.

"నా నోరు నాదే. ఒకరి నోరు నాదేటి?"

మార్కెట్‌లో ఆదివారం గోల. మూటలు మోసేవాళ్లు తప్పుకోమంటూ మమ్మల్ని దాటి వెళ్తున్నారు. ఆమె చుట్టలు మానేసిన ఏడాది నాకు బాగా గుర్తుంది. ఆ ఏడాది రాత్రిపూట వంట ఉండేది కాదు. తమ్ముణ్ణి ఇంగ్లిషు మీడియం స్కూలు మాన్పించి మునిసిపల్ బడిలో వేసింది. వాడు కొత్త బూట్లు పట్టుకుని ఏడ్చాడు. పెద్దయ్యాక కూడా, నన్ను ఆ స్కూల్లో ఉంచి ఉంటే ఇంజనీరు అయ్యేవాణ్ణని ఒకటి రెండుసార్లు అన్నాడు.

"తమ్ముడికి సెప్పకు," అంది అమ్మ లేస్తూ. "నాను బతికుండగా సెప్పకు. నావల్ల ఆడి సదువు పోనాదని ఆడికి మల్లీ బాధ."

ఆటోలో వస్తూ అడిగింది. "ఆ కుప్పలోంచి ఆడొక్కడినీ తీసి ఇమ్మను. సేపల వాటాలో ఒకటి మెత్తబడిపోతే మార్చమంటాము గదా."

"అక్కడ అలగ కుదరదమ్మా. కుప్పంతా తీసుకోవాలి, నేపోతే మానాలి."

"అయితే ఇంకో కుప్ప సూసుకో," అంది.

ఇంకో కుప్ప వెతకడం నేను అనుకున్నంత తేలిక కాలేదు. పేరు పెద్దగా ఉండి, మంచి కంపెనీలే ఏరామని చెప్పుకునేవి ఉన్నాయి. వాటిలో కొన్నిటి ఖర్చు ఎక్కువ, కొన్నిటికి బేరం లేదు. లోపలికి వెళ్లి చూస్తే, ఒకదానిలో సారా కంపెనీ ఉంది. ఇంకోదానిలో బొగ్గు. పోర్టు నుంచి లేచే బొగ్గు దుమ్ము పాతవూళ్లో మా కిటికీ చువ్వల మీద ఎలా పేరుకునేదో నాకు తెలుసు. ఆ బొగ్గు బిల్లులే చేసి నేను జీతం తీసుకుంటున్నానన్న సంగతీ తెలుసు. ఇలా తీసేసుకుంటూ పోతే ఏదీ మిగలదు. చివరికి ఒక్క విషయం దగ్గర నిలబడ్డాను. పొగాకు నాకు వద్దు. మిగతా వాటికి నేను న్యాయం చెప్పలేను.

అలా మూడు ఎంచుకున్నాను. బ్యాంకుల షేర్లు మాత్రమే ఉన్న ఈటీఎఫ్ ఒకటి. బంగారం ఈటీఎఫ్ ఒకటి, నగ ఇంట్లో పెట్టుకోకుండా కాగితం మీద బంగారం కొనడం లాంటిది. ప్రభుత్వానికి అప్పిచ్చే బాండ్ల ఈటీఎఫ్ ఇంకొకటి.

తమ్ముడికి చెబితే తల అడ్డంగా ఊపాడు.

"షేర్లన్నీ బ్యాంకులే అయితే ఎలగప్పా? వాటికి జలుబు చేస్తే నీకూ చేస్తాది. అసలు బ్యాంకోడు సిగరెట్ కంపెనీకి అప్పివ్వడనుకుంటన్నావేటి?"

"ఇస్తాడు. తెలుసు."

"తెలిసే కొంటావా?"

"తెలిసే కొంటాను."

వాడికి కోపం రాలేదు. పాపం, నా మంచికే చెబుతున్నాడు. లెక్కప్రకారం వాడిదే సరైన మాట. అన్ని రకాలూ కలిపి కొనడం కోసమే కదా ఈ ఈటీఎఫ్‌లు పుట్టింది. నేను దాన్ని ముక్కలు చేసుకుని సగం బలం పోగొట్టుకుంటున్నాను. ఆ సగం పోయినా నిద్ర పట్టే పని కావాలని నాకుంది. అది వాడికి చెప్పగలిగే మాట కాదు. అమ్మ చెప్పిందీ చెప్పకూడదు.

అమ్మను చూపించడానికి సెలవు పెట్టిన ఒక రోజు, ఆసుపత్రి నుంచి త్వరగా వచ్చేశాం. బజారు ఇంకా తెరిచే ఉంది. అమ్మ పక్కన కూర్చుని మొదటిసారి కొన్నాను. ఎంత పలికితే అంతకు కాకుండా, నేను రాసిన ధరకే కొనమని పెట్టాను. కాసేపు ఏమీ జరగలేదు. తరువాత ఒక్కొక్కటీ వచ్చి ఖాతాలో చేరాయి. అమ్మ ఫోను కేసి చూసి, "అయిపోనాదా?" అంది. అయిపోయిందన్నాను. "ఇంతేనా," అని, తినడానికి ఏదైనా పెట్టమంది.

తరువాత నెలనెలా కొంటూ వచ్చాను. బ్యాంకుల ఈటీఎఫ్ మొదటి ఏడాది పడిపోయింది. తమ్ముడి కుప్ప పెరిగింది. వాడు నా దగ్గర ఆ మాట ఎత్తలేదు గానీ, నేనే చూసుకునేదాన్ని. బస్సులో కూర్చుని రెండూ పక్కపక్కన పెట్టి చూసుకున్న రోజులున్నాయి. తప్పు చేశానేమో అనిపించిన రోజులూ ఉన్నాయి. బంగారం పెరిగి కొంత ఆదుకుంది. ఎప్పటికీ తమ్ముడిదాన్ని అందుకోలేదు.

అమ్మ రెండేళ్లకు పైగా బాగానే ఉంది. తరువాత మెడలో బిళ్ల కట్టింది. కరెంటు పెట్టించారు, అంటే రేడియేషన్. రెండోసారి మళ్లీ పెట్టించాలంటే ఆమె ఒప్పుకోలేదు. చివరి వారాల్లో ప్లేటు నిలవక తీసేశాం. అప్పుడు ఆమె చెప్పేది గాలిలాగే ఉండేది గానీ, నాకూ తమ్ముడికీ అర్థమయ్యేది. వర్షాలు మొదలైన రోజుల్లో ఒక మధ్యాహ్నం మా ఇద్దరి మధ్యా చనిపోయింది.

అస్థికలు భీమిలి దగ్గర గోస్తనీ నది సముద్రంలో కలిసే చోట కలిపాం. తిరిగి వస్తూ బీచ్ రోడ్డు పక్కన తమ్ముడు బండి ఆపాడు. సముద్రం మబ్బు రంగులో ఉంది. అక్కడ వాడికి చెప్పాను, అమ్మ చుట్టలు ఎందుకు మానేసిందో.

వాడు హెల్మెట్ చేతిలో తిప్పుతూ నిలబడ్డాడు.

"బేరం పోయి మానీసిందనుకున్నాను," అన్నాడు.

"నానూ అదే అనుకున్నాను."

"ఆ బూట్లు నాను ఒక్కరోజే ఏసుకున్నాను తెలుసా." గొంతు తగ్గించాడు. "ఎవరో ఒకావిడ పోనాదని నా సదువు మార్చీసింది. తప్పనను. ఎలగంటాను? కానీ, ఒక్కసారి నాతో సెప్పుంటే బాగుండేదప్పా. ఇన్నాళ్లూ అమ్మకి నా సదువంటే లెక్క నేదనుకున్నాను."

వాడు ఏడ్చాడు. ఆసుపత్రి వరండాలో ఇద్దరం ఒకరికొకరం చూపించుకోనిది అక్కడ, రోడ్డు పక్కన, చూసుకున్నాం.

తరువాత ముఖం తుడుచుకుని, నేను అడగకుండానే చెప్పాడు. "నా కుప్ప నాను అమ్ముకోను. నా పిల్ల పేరున కొంటన్నాను అది. దాని సదువుకి తక్కువ కాకూడదు. నువ్వు ఏటీ అనుకోకు."

"ఏటీ అనుకోను," అన్నాను. నిజంగానే అనుకోలేదు. మునిసిపల్ బడి దారిలో వాడి చెయ్యి పట్టుకుని తీసుకెళ్లింది నేనే. అమ్మ చేసింది నాకు గొప్పగా తోచింది. దాని ఖరీదు కట్టింది వాడు. ఆ రెండూ ఒకదానికొకటి సరిపెట్టడం నాకు రాదు.

అమ్మ పోయాక డీమ్యాట్ ఖాతాలో నామినీగా తమ్ముడి కూతురి పేరు పెట్టాను. వాడికి చెబితే, "అప్పుడది పెద్దదై ఆ కుప్ప మార్చీస్తే?" అన్నాడు. దాని ఇష్టమన్నాను.

ఈమధ్య మా ఆఫీసులో కొత్తగా చేరిన అమ్మాయి ఒకతె, మొదటి జీతాల్లోంచి ఏదైనా కొనాలనుకుంటున్నానని నా దగ్గరికి వచ్చింది. భోజనాల వేళ ఇద్దరం టిఫిన్ డబ్బాలు పక్కకు జరిపి కూర్చున్నాం. ఖర్చు ఎంత కోస్తారో ఎక్కడ చూడాలో చూపించాను. రోజూ బేరం ఎంత జరుగుతోందో, అసలు విలువకూ ధరకూ తేడా ఎంతుందో చూపించాను. తొందరపడి ఎంత పలికితే అంతకు కొనవద్దని చెప్పాను. ఇవన్నీ శ్రద్ధగా విని, ఫోనులో గుర్తు పెట్టుకుంది.

"అంతేనా అక్కా?"

"లోపల ఏ కంపెనీలున్నాయో ఒకసారి తెరిచి సూడు," అన్నాను.

"సూసి ఏటి సెయ్యాలి?"

చెప్పడానికి నా దగ్గర లెక్క ఏదీ లేదు.

"ముందు సూడు," అన్నాను.

ఆ అమ్మాయి అక్కడే తెరిచి, ఒక్కొక్క పేరూ పైకి చదవడం మొదలుపెట్టింది. నేను డబ్బా మూత తీసి అన్నం కలుపుకుంటూ విన్నాను.